కోరంగి బురదలో కనకాంబరం చుట్టాలు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద, పట్నం దాటిన కొద్దిసేపటికే చొల్లంగి వస్తుంది. పుష్య బహుళ అమావాస్యనాడు ఇక్కడికి సముద్రస్నానానికి వచ్చే జనం ఇసుక వేస్తే రాలనంత. సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారనీ, అందులో తుల్యభాగ చొల్లంగి దగ్గరా, ఆత్రేయ కోరంగి దగ్గరా సాగరంలో కలుస్తాయనీ పెద్దల మాట. సప్తసాగర యాత్ర చేసేవారు తొలి మునక ఇక్కడే వేస్తారు. మేము వెళ్ళింది అమావాస్యనాడు కాదు, స్నానానికీ కాదు. మడ అడవి చూడటానికి.

కోరంగి ఈనాడు చిన్న ఊరే గాని, ఒకప్పుడు గొప్ప రేవు. ఓడలు కట్టే చోటు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను, వారు ఏ జిల్లావారైనా సరే, అక్కడి జనం 'కోరంగీలు' అనే పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పోయిందో ఊహించుకోవచ్చు. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి ఉప్పెనలు వచ్చి ఆ వైభవాన్ని తుడిచిపెట్టాయి. ఇప్పుడు కోరంగి అంటే గుర్తు వచ్చేది అడవే. 1978లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

"ఇదా అడవి?" అన్నది మా ఆవిడ, లోపలికి వేసిన చెక్కబాట మీద నాలుగడుగులు వేయగానే. ఆమె తప్పు కాదు. అడవి అంటే మన మనస్సులో మారేడుమిల్లి మెదులుతుంది. ఇక్కడ మహావృక్షాలు లేవు, జలపాతాలు లేవు. ఆటు వేళ కావటంతో నీరు వెనక్కు పోయి, బాటకు రెండు పక్కలా నల్లటి బురద బయటపడి ఉన్నది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ బురదలో నుంచి ఎవరో తీరిక ఉన్నవాళ్ళు పెన్సిళ్ళు గుచ్చి పోయినట్లు వేలాది పుల్లలు పైకి పొడుచుకొని ఉన్నాయి. పులి కనిపిస్తుందని ఆశపెట్టి తీసుకువచ్చిన మా అమ్మాయి ముఖం కూడా కాస్త చిన్నబోయింది. (పులి లేదు గాని, నీళ్ళలో చేపలు పట్టే బావురుపిల్లి ఉన్నది. అది పగలు మనకు దర్శనమివ్వదు.)

అమ్మాయి ఏడో తరగతి. జీవులకు ఏడు లక్షణాలని బళ్ళో చెప్పారట. తిండి, ఊపిరి, కదలిక, ఎదుగుదల, స్పందన, విసర్జన, సంతానం అంటూ గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పింది. నాకు ఆ జాబితా మీద ఎప్పుడూ ఒక చిన్న అనుమానం ఉన్నది. మేము వచ్చిన రోడ్డు మీద పోయే లారీని చూడండి. డీజిలు తింటుంది, గాలి పీల్చి పొగ వదులుతుంది, కదులుతుంది, బ్రేకు నొక్కితే స్పందిస్తుంది. అయినా లారీకి ప్రాణం ఉన్నదని ఎవరూ అనరు. ఎందుకంటే టైరు చిరిగితే తనంతట తాను అతుక్కోదు. రెండు పిల్ల లారీలను కనదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. బయట ఎలా ఉంటే అలా ఉండక, తన లోపల తనకు కావలసిన పరిస్థితిని క్షణక్షణం నిలబెట్టుకొనేది ప్రాణి. ఆ ప్రయత్నం ఆగిన రోజున లోపలికీ బయటికీ తేడా పోతుంది. దానినే మనం చావు అంటాము.

ఈ సంగతి పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. కోరంగిలో నాలుక మీద తెలుస్తుంది.

చెక్కబాట పక్కన అందుబాటులో ఉన్న ఒక మడ ఆకును అమ్మాయి చేతికిచ్చి, నాకి చూడమన్నాను. "ఛీ, ఉప్పు!" అన్నది. ఎండకు పట్టి చూస్తే ఆకు మీద సన్నని పలుకులు మిలమిల మెరుస్తున్నాయి. అది సముద్రం చల్లిన ఉప్పు కాదు సుమండీ! చెట్టు లోపలి నుంచి బయటికి నెట్టిన ఉప్పు. ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న గ్రంథులు ఉంటాయి. వేళ్ళు ఎంత వడగట్టినా లోపలికి వచ్చిన ఉప్పును అవి బయటికి తోడిపోస్తూ ఉంటాయి.

దీని విలువ తెలియాలంటే ఆస్పత్రిలో సెలైను సీసా గుర్తు చేసికోండి. అందులో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తానికి సరిపడే పాళం అది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములు. దాహం వేసి సముద్రపు నీరు తాగినవాడు ఆ ఉప్పును బయటికి పంపటానికి తన ఒంట్లోని మంచి నీటిని కూడా పోగొట్టుకొని, నీళ్ళ మధ్యనే ఎండిపోతాడు. మన ఇంటి పెరట్లో ఏ మొక్కకైనా నాలుగు రోజులు ఉప్పునీరు పోసి చూడండి, అదే గతి. మడ చెట్టు మాత్రం పుట్టినది మొదలు ఆ నీటిలోనే నిలబడి ఉంటుంది.

బురదలోని పెన్సిళ్ళ కథ కూడా ఇటువంటిదే. ఆ కుళ్ళు వాసనకు కారణం బురదలో ప్రాణవాయువు లేకపోవటం. వేళ్ళకు కూడా ఊపిరి కావాలి గదా! అందుకని మడ చెట్టు వేళ్ళు బురదలో అడ్డంగా పాకుతూ, మధ్య మధ్య నిటారుగా కొమ్మల్లాంటి వేళ్ళను పైకి పంపుతాయి. వాటి ఒంటి నిండా సన్నని రంధ్రాలు. ఆటు వేళ గాలి పీల్చుకొని, పోటు వచ్చి మునిగినప్పుడు ఆ నిల్వతో గడుపుకొంటాయి. మనం చెరువులో మునక వేయబోయే ముందు ఊపిరి బిగబట్టినట్లు.

ఇంతలో మా ఆవిడ, "ఇంత మొండి చెట్టు ఏ జాతిది?" అని అడిగింది. ఆమె జడలో పొద్దున కాకినాడలో కొన్న కనకాంబరాల మాల ఉన్నది. "నీ జడలో ఉన్న పువ్వు జాతిదే" అన్నాను. నమ్మలేదు. నిజానికి మొన్న మొన్నటి దాకా వృక్షశాస్త్రజ్ఞులే నమ్మలేదు. పాత పుస్తకాలలో మడను వావిలి, టేకు ఉన్న కుటుంబంలో వేసేవారు. మరికొందరు, దీనికి ఎవరూ చుట్టాలు లేరని వేరు కుటుంబం పెట్టారు. తరువాత మొక్కల జీవకణాలలోని జన్యువులను అక్షరం అక్షరంగా పోల్చి చూసే విద్య వచ్చాక తేలినదేమంటే, మడ చెట్టు కనకాంబరం, అడ్డసరం ఉన్న కుటుంబంలోనిది. పేరంటానికి వెళ్ళే కనకాంబరం, ఉప్పుబురదలో మెడదాకా మునిగే మడ, ఎన్నో తరాల వెనుక ఒకే తాతకు పుట్టినవి.

అక్కడితో ఆగలేదు. ఈ అడవిలోనే తిల్ల చెట్టు ఉన్నది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అది ఆముదం చెట్టుకు చుట్టం. ఇక్కడే పెరిగే మరొక మడజాతి చెట్టు దానిమ్మ, గోరింటాకు కుటుంబానిది. తెల్లటి చిన్న పువ్వులు పూసే ఇంకొకటి కరక్కాయ వారింటిది. చూశారా! మడ అడవి అంటే ఒక జాతి కాదు. వేరు వేరు ఇళ్ళలో పుట్టి, వేరు వేరు కాలాలలో ఈ ఉప్పునీటి ఒడ్డుకు చేరినవారి కాలనీ ఇది. ప్రపంచం మొత్తం మీద సుమారు 70 జాతుల మడ చెట్లు, ఇరవై దాకా కుటుంబాల నుంచి వచ్చాయి. వచ్చినవారు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. ఎవరి సామానుతో వారు కాపురం పెట్టారు. మడ ఆకు ఉప్పును చెమటలా కారుస్తుంది. ఉప్పుపొన్న వేళ్ళ దగ్గరే నూటికి తొంబై పాళ్ళకు పైగా వడగడుతుంది. ఊపిరి కోసం మడ పెన్సిళ్ళు పంపితే, ఉప్పుపొన్న కాండం నుంచి ఊతకర్రల్లాంటి వేళ్ళను దించి వాటి మీద నిలబడుతుంది. సమస్య ఒకటే, జవాబులు మాత్రం ఇంటికొకటి.

మరి ఈ విద్య వాటికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. మన లంకల్లో ఉప్పునీరు ఎక్కిన వరిచేను తలచుకోండి. చేనంతా మాడిపోయి ఎక్కడో నాలుగు దుబ్బులు పచ్చగా నిలిచాయనుకొందాము. తెలివైన రైతు ఆ నాలుగింటి గింజలే మరుసటి ఏటికి విత్తనం పెట్టుకొంటాడు. అలా తరతరాలూ చేస్తే ఉప్పుకు ఓర్చే వరి వస్తుంది. మడ అడవిలో రైతు లేడు. ఉప్పే ఆ పని చేసింది. ఒకే చెట్టు గింజలలో కూడా అన్నీ ఒకేలా ఉండవు. అన్నదమ్ములం మనమే ఒకేలా ఉండము గదా. ఆ చిన్న చిన్న తేడాలలో ఏది ఈ బురదలో ఒక రోజు ఎక్కువ బతికించిందో దాని సంతానం మిగిలింది, మిగతావి పోయాయి. చార్లెస్ డార్విన్ 1859లో అచ్చు వేసిన పుస్తకంలోని ప్రధానమైన మాట ఇదే. దీనిలో ముందుగా వేసికొన్న పథకమేమీ లేదు. ఆకుకున్న పాత గ్రంథి, వేరుకున్న పాత రంధ్రం, ఇంట్లో ఉన్న సామానే కొత్త పనికి వచ్చింది. పాత చీరతో బొంత కుట్టే గృహిణికి ఈ పద్ధతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ డార్విన్ మహాశయుడే ఇంట్లో సీసాలలో ఉప్పునీరు పోసి విత్తనాలు నానబెట్టాడు. సముద్రాల మీదుగా మొక్కలు ఎలా ప్రయాణం చేస్తాయన్నది ఆయన సందేహం. 87 రకాల విత్తనాలను 28 రోజులు నానబెడితే 64 రకాలు మొలిచాయి! ఉప్పుపొన్న దీనికి మరొక ఉపాయం పట్టింది. అది విత్తనాన్ని నీటికి వదలదు. చెట్టు మీదనే మొలకెత్తనిస్తుంది. కాయ నుంచి పచ్చగా, మునగకాడలా మొలక వేలాడుతూ, తల్లి ఇచ్చిన ఆహారంతో ఎదుగుతుంది. పెరిగిన తరువాత జారి పడుతుంది. ఆటు వేళ పడితే కొన్ని అక్కడే బురదలో గుచ్చుకొంటాయి. పోటు వేళ పడితే తేలుతూ మరొక ఒడ్డు వెతుక్కొంటుంది. అమ్మాయి దానిని చూసి, "పుట్టింటిలో పురుడు పోసుకొన్నట్లు" అన్నది. అమ్మమ్మ మాటలు దానికి బాగా పట్టుబడ్డాయి.

పోటు మొదలయ్యే వేళకు పడవ ఎక్కాము. ఆ పడవ సరంగుకు నా వయస్సే ఉంటుంది. ఒడ్డు పక్కగా నెమ్మదిగా పోనిస్తూ, "పాపా, అటు చూడమ్మా, చెట్టెక్కే చేప" అన్నాడు. వేలెడంత చేప, తల పైన రెండు గుడ్లు, బురద మీద రెక్కలు ఊతంగా పెట్టుకొని కుప్పిగంతులు వేస్తున్నది. పడవ అలికిడికి ఒకటి నీటిలోకి దూకలేదు సరికదా, నీటికి దూరంగా వేరు మీదికి పాకింది! చేప నీటి నుంచి పారిపోవటం నేను అక్కడే చూశాను.

ఇది మొప్పల గదిలో కాస్త నీరు నింపుకొని ఒడ్డెక్కుతుంది. తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి నుంచి ఊపిరి తీసికొంటుంది. అందుకే ఒళ్ళు ఆరిపోకుండా మాటిమాటికీ బురదలో పొర్లుతుంది. బురదలో బొరియ తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. ఆ బొరియలో గాలి ఉండదు గనుక, పైకి వచ్చి నోటి నిండా గాలి పట్టుకొని, లోపలికి పోయి గుడ్ల గదిలో వదిలి వస్తుంది. మళ్ళీ పైకి, మళ్ళీ లోపలికి. బిందెలతో నీళ్ళు మోసే ఇల్లాళ్ళను చూశాము గాని, గాలి మోసే తండ్రులు ఉంటారని మాకు తెలియదని మా ఆవిడ నావైపు అదోలా చూసింది.

"అయితే మనం ఈ చేప నుంచి వచ్చామా?" అని అమ్మాయి ప్రశ్న. కాదు. ఇది మనకు తాత కాదు, చాలా దూరపు దాయాది. నేలకెక్కిన మన పూర్వీకులు వేరే శాఖ చేపలు. వాటి రెక్కలలో ఎముకలు ఉండేవి. 2004లో కెనడా ఉత్తరపు కొసన మంచుదీవిలో అటువంటి జీవి శిల దొరికింది. 37.5 కోట్ల సంవత్సరాల నాటిది. దానికి ఆ ప్రాంతపు ప్రజల భాషలోనే టిక్టాలిక్ అని పేరు పెట్టారు. చేపలాగే పొలుసులు, మొప్పలు. కాని మెడ తిప్పగలదు, రెక్కలో మణికట్టు వంటి కీలు ఉన్నది. మన మణికట్టుకు మూలం అక్కడ. కోరంగి చేప ఆ కథను తన సొంత పద్ధతిలో, తన సొంత సామానుతో మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కడిదాకా పోతుందో చెప్పగలవారు లేరు.

కొంత దూరం పోయాక ఎడమ పక్కన చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయి, తెల్లగా పేలిన పర్ర కనిపించింది. గడ్డిపోచ లేదు. సరంగు ఇంజను తగ్గించాడు.

"ఇదంతా మా అయ్య రోజుల్లో మడేనండి. పొయ్యిలోకీ, ఇళ్ళ వాసాలకీ కొట్టేసీవోరండి. మళ్ళీ అదే లేస్తదిలే అనుకున్నారండి. లెగలేదండి."

ఎందుకు లేవలేదో చెబితే, ప్రాణానికున్న హద్దు ఎక్కడో తెలుస్తుంది. చెట్లు పోతే బురద ఎండి కుంగుతుంది. నేల పళ్ళెంలా గుంటపడుతుంది. పెద్ద పోటుకు వచ్చిన నీరు ఆ పళ్ళెంలో నిలిచిపోతుంది, ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే సముద్రంలో కంటె ఆ మట్టిలోనే ఉప్పు ఎక్కువ. మడ చెట్టు ఉప్పును గెలిచిందన్నాము గదా. అది ఒక హద్దు వరకు మాత్రమే. అంతకు మించితే దాని గ్రంథులూ, వడపోతా ఏవీ చాలవు. లక్షల ఏళ్ళలో సంపాదించిన విద్యకు గొడ్డలి రెండు రోజులలో గండి కొట్టింది.

1990ల నుంచి స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్ళు కలిసి ఇటువంటి పర్రలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పెద్ద కాలువ నడుమ వెన్నెముకలా, పిల్లకాలువలు పక్కటెముకల్లా. వాటిలో పోటు లోపలికి వచ్చి ఆటుకు వెనక్కి పోతూ ఉంటే, పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మొక్క పెడితే నిలుస్తుంది. సరంగు కూడా ఆ కాలువల పనికి పోయాడట. మేము కాస్త ముందుకు పోయాక, మనిషి ఎత్తు దాటిన మడ గుబుర్లను చూపించి, "అయి మేం పెట్టినయ్యేనండి" అన్నాడు. ఆ మాటలో ఉన్న గర్వం నాకెంతో ముచ్చట వేసింది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను సంగతి అతడే ఎత్తాడు. ఆ తుఫానులో ఈ జిల్లాలలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళ ఊరు మడ వెనుక ఉండబట్టి కప్పులు పోయినా మనుషులు దక్కారని అతని నమ్మకం. దట్టమైన మడ అలల జోరు తగ్గించే మాట నిజం. ఎంత పెద్ద ఉప్పెననైనా ఆపుతుందని మాత్రం ఎవరూ భరోసా ఇవ్వలేరు.

ఎదురుగా, అఖాతానికి అవతల హోప్ ఐలండ్ గీతలా కనిపిస్తున్నది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసుకదిబ్బ గత రెండు వందల ఏళ్ళలో గోదావరి ఇసుకతో తయారైనదే. దాని ఒడ్డున వచ్చి గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళ వంశం ముందు ఆ దీవి నిన్న పుట్టిన పాప! ఈ బురద, ఈ దిబ్బలు, ఈ లంకలు అన్నీ నది మోసుకువచ్చి పోసినవే.

"ఈ మజ్జెన మట్టి తగ్గిందంటున్నారు, నిజమేనాండీ?" అని అడిగాడు సరంగు. నిజమే. 1970లలో గోదావరి ఏటా సముద్రానికి తెచ్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 2000 తరువాత లెక్క చూస్తే అది 6 కోట్ల టన్నులకు లోపు. మిగతాది పైన ఆనకట్టల వెనుక ఆగిపోతున్నది. ఆనకట్టలు మనకు అన్నం పెట్టినవి. వాటిని తిట్టటం నాకు ఇష్టం లేదు. కాని కొత్త మట్టి తగ్గి, సముద్రం ఎక్కుతూ ఉంటే డెల్టా అంచు కోసుకుపోతుంది, పోతున్నది కూడా.

"మరి చెట్లేం చేస్తాయండీ?"

ఇదివరకు సముద్రం ఎక్కినప్పుడల్లా అవి చేసిన పనే చేస్తాయి. చెట్టు నడవలేదు గాని, అడవి నడుస్తుంది. ముందు వరుస మునిగిపోతూ ఉంటే, మొలకలు తేలి వెనుక నేల మీద పాతుకొంటాయి. తరం తరువాత తరం అలా వెనక్కి జరుగుతాయి. అందుకు కావలసినవి రెండు: కొంత కాలం, కొంత చోటు. కాలం సంగతి సముద్రం చేతిలో ఉన్నది. చోటు సంగతి చెప్పబోయి ఆగాను, అతనికే తెలుసు గనుక. అతడు మా తల మీదుగా పడమటి గట్టు వైపు చూశాడు.

తిరుగుదారిలో తాళ్ళరేవు వైపు కొంత దూరం పోయి వచ్చాము. అడవి అంచు దాటగానే మట్టికట్టలు, కట్టల వెనుక చదరంగపు గళ్ళలా రొయ్యల చెరువులు. నీటిలోకి గాలి కొట్టే చక్రాలు చెరువు చెరువుకీ తెల్లగా నురుగు చిమ్ముతూ తిరుగుతున్నాయి. అమ్మాయి ఒక కట్ట అడుగున, మురుగుకాలువ బురదలో నాలుగాకులు వేసిన మడ మొక్కను చూపించింది. గట్టుకు మూరెడు ఇవతల ఉన్నది.